ఊరందరి కాఫీ

గూడూరు రైల్వే స్టేషను వెనక వీధిలో కోదండపాణి అనే పెద్దమనిషి ఉండేవాడు; మంచివాడే గానీ ఎవరు ఏం చెప్పినా "అవును సుమా!" అని తలూపేవాడు, వాళ్ళటు వెళ్ళగానే ఇంకొకరు దానికి అడ్డంగా చెప్పినా "అవును సుమా!" అనే తలూపేవాడు. ఆయనకు ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు ఉండేది. దాంతో బుర్ర ఎప్పుడూ గజిబిజిగా ఉండేది. పాపం, తన సంగతి తనకూ తెలుసు. తెలిసినా ఏం చెయ్యాలో తోచేది కాదు. ఎవరినైనా అడుగుదామంటే మళ్ళీ అదే గొడవ కదా!

ఈ గుణంతోనే ఆయన సొంత అక్కను దూరం చేసుకున్నాడు. అదెలాగో ముందు చెబుతాను, వినండి.

అక్క పేరు తాయారమ్మ. కాళహస్తిలో ఉండేది. ఆవిడకు కాఫీ అంటే ప్రాణం. పొద్దున లేవగానే గొంతులో వేడి కాఫీ పడితే తప్ప మనిషి మనిషిలా ఉండేది కాదు. కోదండపాణి కూతురి పెళ్ళికి అందరికంటే ముందే వచ్చి, చాకిరీ అంతా నెత్తిన వేసుకుంది. తెల్లవారుజామున ముహూర్తం. తలంబ్రాల దాకా అన్నీ తనే దగ్గరుండి చూసి, ఇక కాళ్ళు నిలవక ఒక కుర్చీలో కూలబడి, "ఒరే పాణీ, ఒక్క గ్లాసు కాఫీ ఇప్పించరా, తల పగిలిపోతోంది" అంది.

కోదండపాణి పరుగున వెళ్ళి పొగలు కక్కే కాఫీ తెచ్చాడు. అక్క చెయ్యి చాచింది. గ్లాసు ఇంకా ఆవిడ వేళ్ళకు ఇలా తగిలిందో లేదో, వెనకనుంచి ఎవరో "అయ్యో, పెళ్ళికొడుకు పెదనాన్నగారికి ఇంకా కాఫీ అందలేదయ్యా!" అని కేకేశారు. "అవును సుమా!" అన్నాడు కోదండపాణి. అక్క చేతిలోంచి గ్లాసు లాక్కుని ఆ పెదనాన్నగారి చేతిలో పెట్టాడు. మళ్ళీ కాఫీ కోసం వెళ్తుంటే దారిలో ఒకాయన సన్నాయి వాళ్ళకు ఇమ్మన్నాడు, ఇంకొకాయన ముందు బస్సు సంగతి చూడమన్నాడు. ఆయన అన్నిటికీ తలూపాడు, అన్ని వైపులా పరుగెత్తాడు. అక్క సంగతి గుర్తొచ్చి తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

పదిమంది ముందు చేతిలోని గ్లాసు లాక్కుంటే ఎవరికి మాత్రం మనసు కష్టపడదు చెప్పండి! తాయారమ్మ భోజనం కూడా చెయ్యకుండా రైలెక్కేసింది. వెళ్తూ వెళ్తూ, "ఇక నీ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను" అనేసింది. అన్నమాట నిలబెట్టుకుంది కూడా. ఆ తర్వాత మంచికీ చెడ్డకీ తమ్ముడింటికి వచ్చేది, గడప దగ్గర కూర్చునేది, పచ్చి మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయేది. అలా మూడేళ్ళు గడిచాయి. అక్క అలా వెళ్ళినప్పుడల్లా కోదండపాణి వీధి మలుపుదాకా వెనకే వెళ్ళి నిలబడేవాడు. అమ్మ పోయాక తనకు గోరుముద్దలు తినిపించింది ఆ అక్కే మరి.

చివరికి ఆయన భార్య అలివేలు పూనుకుంది. వదినగారికి ఫోను చేసి బతిమాలింది, ఏడ్చింది, ఒకసారి కోప్పడింది కూడా. తాయారమ్మ కాస్త మెత్తబడింది. "సరే. నేను వచ్చేవారం నెల్లూరు మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నా. పొద్దున గూడూరులో దిగి, ఒక గంట మీ ఇంట్లో ఉండి తర్వాతి బండికి వెళ్తా. వాడు తన చేత్తో పెట్టిన కాఫీ, తనే తెచ్చి నా చేతికిస్తే తాగుతా. నువ్వు మాత్రం చెయ్యి పెట్టకూడదు, సాయం చెయ్యకూడదు. ఒట్టు" అంది.

కోదండపాణి ఈ మాట విని ఎగిరి గంతేశాడు. మరుక్షణమే ఆయన ముఖం వాడిపోయింది. ఆయనకు కాఫీ తాగడం తప్ప పెట్టడం రాదు! ఫిల్టరులో పై గిన్నె ఏదో, కింది గిన్నె ఏదో కూడా ఆ రోజే తేరిపార చూశాడు.

"ఏం కంగారు పడకండి" అంది అలివేలు. "పై గిన్నెలో పొడి వేస్తారు. మీద ఆ గొడుగులాంటి బిళ్ళ పెట్టి వేడినీళ్ళు పోస్తారు. కింది గిన్నెలోకి డికాషను దిగుతుంది. పాలు, పంచదార కలుపుతారు. అంతకంటే చెప్పకూడదు, ఒట్టు పెట్టించింది వదిన. ఏదో ఒక పద్ధతి పట్టుకుని రోజూ అలాగే చేసి చూడండి, చెయ్యి అదే తిరుగుతుంది."

"అవును సుమా!" అన్నాడు కోదండపాణి. అనేసి, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళాడు, నలుగురినీ అడిగి వద్దామని. ఆ తలుపు దాటకుండా ఉంటే ఈ కథే లేదు.

మొదట రోజూ తనతో షికారుకొచ్చే శేషగిరి ఎదురయ్యాడు. "కాఫీనా? ఓస్, అదెంత పని!" అన్నాడు శేషగిరి. "రహస్యమంతా అదమడంలో ఉందయ్యా పాణీ. పొడి వేసి, బిళ్ళ పెట్టి, బొటనవేళ్ళతో గట్టిగా అదుము. ఎంత గట్టిగా అదిమితే అంత చిక్కన. నీళ్ళు కళపెళా మరుగుతుండగానే పోసెయ్."

"అవును సుమా!" అన్నాడు కోదండపాణి.

బజారులో కాఫీపొడి కొట్టు సుందరం ఇంకో మాట చెప్పాడు. "అదమడం కాదు సార్, చికోరీ! చికోరీ కలవందే చిక్కదనం ఎక్కడినుంచి వస్తుంది? సగానికి సగం వేసి ఇమ్మంటారా?"

"అవును సుమా! ఇవ్వు" అన్నాడు కోదండపాణి.

పొట్లం పట్టుకుని వస్తుంటే ఎదురింటి ధాత్రి పలకరించింది. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగం చేస్తుంది ఆ అమ్మాయి. కాఫీ గురించి ఎన్నెన్నో వీడియోలు చూసింది. పొట్లం చూసి నెత్తి కొట్టుకుంది. "చికోరీయా! వద్దంకుల్, కాఫీ రుచంతా చచ్చిపోతుంది. మరిగే నీళ్ళు అసలు పొయ్యకండి, పొడి మాడి చేదెక్కుతుంది. నీళ్ళు దించి కాస్త చల్లారనివ్వాలి. పొడిని అస్సలు అదమకూడదు, ఊపిరాడాలి దానికి."

"అవును సుమా!" అన్నాడు కోదండపాణి. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. అదమాలా, వద్దా? చికోరీ వెయ్యాలా, పారెయ్యాలా? నీళ్ళు మరగాలా, చల్లారాలా? తల గిర్రున తిరిగింది.

మర్నాడు పొద్దున చికోరీ పొడి వేసి, శేషగిరి చెప్పినట్టు బొటనవేళ్ళు ఎర్రబడేదాకా అదిమి, ధాత్రి చెప్పినట్టు నీళ్ళు చల్లార్చి పోశాడు. ఎంతసేపు చూసినా చుక్క దిగలేదు. ఫిల్టరుకు చెవి ఆనించి విన్నాడు. చప్పుడే లేదు. చివరికి చెంబుడు నీళ్ళతో కడిగి పారబోశాడు.

ఆ మర్నాడు చికోరీ మానేశాడు, అదమడం మానేశాడు, నీళ్ళు మరగబెట్టాడు, పొడి కూడా తగ్గించాడు. ఈసారి నీళ్ళు పోసినవి పోసినట్టే సర్రున కిందికి జారిపోయాయి. ఆ డికాషను చూసి అలివేలు, "ఇది కుంకుడుకాయ రసంలా ఉందండీ" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వకూడదని ఒట్టేమీ లేదు కదా!

ఇంకో రోజు పొడి మార్చాడు, పాలు మార్చాడు, కొత్త ఫిల్టరు తెచ్చాడు, పంచదార డికాషనులోనే వేశాడు. ఆ కాఫీ చేదుగా ఉందో, తియ్యగా ఉందో, వగరుగా ఉందో ఆయనకే అర్థం కాలేదు. అన్నీ ఒకేసారి ఉన్నట్టున్నాయి.

అక్క వచ్చే ముందురోజు ఒక వింత జరిగింది. ఆ పొద్దున ఆయన పెట్టిన కాఫీ అద్భుతంగా కుదిరింది! చిక్కటి డికాషను, ఘుమఘుమలాడే వాసన, నాలుక మీద నిలిచే చిరుచేదు. అలివేలు ఒక్క గుక్క తాగి కళ్ళు పెద్దవి చేసింది. "ఏమండీ! నేను కూడా ఇట్లా పెట్టలేను! నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మార్చారు?"

"అన్నీ మార్చాను" అన్నాడు కోదండపాణి సంబరంగా.

"అన్నీ అంటే?"

"పొడి మార్చాను. పాత ఫిల్టరే తీశాను. అదిమాననుకుంటా... లేదు, అదమబోతుంటే పాలవాడు పిలిచాడు. నీళ్ళు... ఆగు, నీళ్ళు మరిగినవేనా? ఒకసారి దించి మళ్ళీ ఎక్కించాననుకుంటా. పొడి ఎన్ని చెంచాలు వేశానబ్బా?"

అలివేలు నుదురు కొట్టుకుంది. బాగా కుదిరినా ఎందుకు కుదిరిందో ఆయనకు తెలియదు. చెడినప్పుడూ అంతే, ఎందుకు చెడిందో తెలియదు. చెడ్డ కాఫీ కంటే ఆ మంచి కాఫీయే ఆయన్ని ఎక్కువ గాభరా పెట్టింది.

"పోనీ, ఆ పొడీ ఆ ఫిల్టరూ అలాగే ఉంచండి. ఈ పూట ఇంకెవరినీ అడక్కండి, మీకు పుణ్యం ఉంటుంది!" అని చేతులు జోడించింది అలివేలు.

"అవును సుమా!" అన్నాడాయన. సాయంత్రం సుందరం కొట్టు ముందునుంచి పోతుంటే సుందరం పిలిచి, "రేపు అక్కగారు వస్తున్నారటగా సార్! ఈ మెత్తటి పొడి తీసుకెళ్ళండి. పిండిలాగా ఆడించాను. ఎంత మెత్తగా ఉంటే అంత సారం" అన్నాడు. కొనేశాడు. వీధి మలుపులో శేషగిరి, "అదమడం మాత్రం మరిచిపోకు!" అన్నాడు. దానికీ తలూపాడు. ఇంకేం చెప్పను!

మర్నాడు పొద్దున తాయారమ్మ వచ్చింది. ఈసారి గడప దగ్గర ఆగలేదు, లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. అలివేలు కళ్ళు చెమర్చాయి. కోదండపాణి వంటింట్లోకి దూరాడు. పిండిలాంటి పొడి వేశాడు, గట్టిగా అదిమాడు, మరిగే నీళ్ళు పోశాడు. ఎదురుచూశాడు. చుక్క దిగలేదు. ఫిల్టరును అటూ ఇటూ కుదిపాడు, నెత్తిన నాలుగు తట్టాడు. లాభం లేదు. "ఏరా పాణీ, అయిందా? బండి టైమవుతోంది" అని హాల్లోంచి అక్క పిలిచింది. ధాత్రి చెప్పిన ఊపిరి సంగతి గుర్తొచ్చి, మూత తీసి చెంచాతో గబగబా కలియబెట్టాడు. నీళ్ళతో పాటు పొడంతా కిందికి దిగింది. దాన్నే పాలల్లో పోశాడు. కింద చిన్న గిన్నెతో ఉండే డబరా గ్లాసు తెచ్చి అక్క చేతికిచ్చాడు.

తాయారమ్మ గ్లాసు అందుకుంది. బురదరంగు కాఫీ మీద నల్లగా పొడి తేలుతోంది. "ఎట్లా పెట్టావురా దీన్ని?" అని మెల్లగా అడిగింది.

"శేషగిరి గట్టిగా అదమమన్నాడక్కా. ఎదురింటి అమ్మాయి అదమొద్దంది. సుందరం మెత్తటి పొడి ఇచ్చాడు. నీళ్ళేమో ఒకరు మరగాలన్నారు, ఒకరు..."

"వాళ్ళు చెప్పినవి సరే. నువ్వేం చేశావు?"

కోదండపాణి వేళ్ళు మడిచి లెక్క పెట్టబోయాడు. తను చేసింది ఏది, వాళ్ళు చేయించింది ఏది, ఆయనకే విడదీసి చూపడం చేతకాలేదు.

తాయారమ్మ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "నేను నీ చేతి కాఫీ అడిగాను పాణీ. ఇది ఊరందరి కాఫీ. నేను ఊరందరి మీదా అలగలేదు, నీ ఒక్కడి మీదే అలిగాను" అంది. అని సంచి తీసుకుని స్టేషనుకు వెళ్ళిపోయింది. బల్ల మీద కాఫీ చల్లారిపోయింది.

కోదండపాణి ఆ రోజు అన్నం ముట్టలేదు. చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "నువ్వన్నా నేర్పరాదటే" అని అలివేలును పట్టుకుని వేలాడాడు.

"నేను నేర్పితే అది నా కాఫీ అవుతుంది" అంది అలివేలు. "వదిన నెల్లూరులో కొన్నాళ్ళుంటుంది, తిరిగి వెళ్ళేటప్పుడు బండి మన స్టేషనులోనే ఆగుతుంది. అందాకా ఒకటే పొడి, ఒకటే ఫిల్టరు పెట్టుకోండి. రోజుకు ఒక్కటంటే ఒక్కటే మార్చండి. మార్చి, తాగి చూడండి. మీ నాలుకను అడగండి, వీధిని కాదు."

కోదండపాణి ఈసారి "అవును సుమా!" అనలేదు. లేచి వెళ్ళి పాత ఫిల్టరు తోమాడు.

మొదటిరోజు పొడిని అదమకుండా, చదునుగా సర్ది ఊరుకున్నాడు. డికాషను చుక్క చుక్కగా దిగింది. పలచగానే ఉంది, కానీ దిగింది! మర్నాడు అంతా అలాగే ఉంచి, బిళ్ళతో ఒక్కసారి మెల్లగా నొక్కాడు. కాస్త చిక్కబడింది. ఇంకో రోజు కొంచెం గట్టిగా నొక్కితే దిగడం ఆగిపోయింది. "ఓహో, ఇదా సంగతి!" అనుకున్నాడు. ఆయన జన్మలో ఒక సంగతి తనంతట తానే తెలుసుకోవడం అదే మొదలు! ఫిల్టరును వెలుతురుకు ఎత్తి చూశాడు. చిల్లులు సూదిమొనల్లా ఉన్నాయి. ఆ సాయంత్రమే శేషగిరి ఇంటికెళ్ళి ఆయన ఫిల్టరు చూశాడు. చిల్లులు ఆవగింజలంత! పొడేమో బరకగా ఉంది. అలాంటిదానికి గట్టిగా అదమకపోతే నీళ్ళు నిలుస్తాయా? శేషగిరి అబద్ధం చెప్పలేదు. ఆయన మాట ఆయన వంటింటికి నిజం. తన వంటింటికి కాదు.

ఆ తర్వాత ఒకరోజు నీళ్ళ సంగతి చూశాడు, ఇంకోరోజు చికోరీ సంగతి. మరగడం ఆగిన నీళ్ళను ముందు కొద్దిగా పోసి, పొడి తడిశాక మిగతావి పోస్తే డికాషను నిండుగా దిగుతోంది. చికోరీ చిటికెడు కలిస్తే ఆయన నాలుకకు నచ్చింది, సగానికి సగం నచ్చలేదు. మధ్యలో రెండు కాఫీలు చెడిపోయాయి. అయినా ఆయన బెంగపడలేదు. ఎక్కడ చెడిందో ఇప్పుడు ఆయనకు తెలుసు.

తాయారమ్మ తిరుగుప్రయాణం రోజు వచ్చింది. కోదండపాణి కాఫీ పెట్టి, ఫ్లాస్కులో పోసుకుని, డబరా గ్లాసు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. బండి ఆగింది. ఒక కిటికీ దగ్గర అక్క కనబడింది. పరుగెత్తుకెళ్ళి, కాఫీని పైకెత్తి నురుగొచ్చేలా తిరగబోసి, కిటికీ ఊచల్లోంచి అందించాడు. "అక్కా, ఇది నేనే పెట్టాను" అన్నాడు.

తాయారమ్మ గ్లాసు అందుకుంది. వాసన చూసింది. ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది.

"కొంచెం చేదు ఎక్కువైందిరా" అంది తాయారమ్మ.

అంతే! పెట్టెలో కూర్చున్నవాళ్ళంతా అందుకున్నారు. "పంచదార పడాలండీ" అన్నాడు ఒకాయన. "పొడి మాడింది" అంది పక్కావిడ. "అసలు ఫ్లాస్కులో పొయ్యకూడదండీ" అన్నాడు పైబెర్తు మీంచి ఇంకొకాయన. కోదండపాణికి తల మళ్ళీ తిరగబోయింది. నాలుక చివరిదాకా వచ్చింది "అవును సుమా!" అన్న మాట. దాన్ని గుటుక్కున మింగేశాడు. అక్క వంకే చూస్తూ, "నీకెట్లా ఉంటే బాగుంటుందక్కా?" అని అడిగాడు.

"పాలు ఇంకాస్త పడితే చాలు."

"అయితే రేపు పాలు ఒక్కటే పెంచుతా. మిగతాదేదీ ముట్టుకోను."

"రేపు నేను కాళహస్తిలో ఉంటానురా పిచ్చివాడా."

"ఉండవు. మనింట్లో ఉంటావు. దిగక్కా" అన్నాడు కోదండపాణి.

బండి కూత వేసింది. తాయారమ్మ గ్లాసులో మిగిలిన కాఫీ చుక్క లేకుండా తాగేసింది. కొంగుతో మూతీ కళ్ళూ ఒకేసారి తుడుచుకుని, "చూస్తావేంరా అలాగ! సంచి బరువుగా ఉంది, లోపలికొచ్చి దించు!" అని కసిరింది.

అదీ కథ. పదిమంది చెప్పింది వినడంలో తప్పులేదు పిల్లలూ, కానీ విన్నవన్నీ ఒకేసారి చెయ్యబోయినవాడికి మంచి ఎందుకు జరిగిందో, చెడు ఎందుకు జరిగిందో ఎన్నటికీ తెలియదు. అందుకే ఒక్కొక్కటిగా చేసి చూసి, మన అనుభవంతో మనమే నేర్చుకోవాలి.